చవుడు, బూడిద, బ్యాటరీ

రజకులు చవుటిమన్నుతో బట్టలుతికిన దినములును, మన యిండ్లలో కట్టెబూడిదతో గిన్నెలు తోమిన దినములును మీకు జ్ఞాపకముండును. చవుటిలోని సోడాయందు సోడియమును, బూడిదలోని క్షారమునందు పొటాసియమును గలవు. 1807వ సంవత్సరమున లండనునగరమున హంఫ్రీ డేవీ యను పండితుడు ఇట్టి క్షారములలో విద్యుత్తును బ్రసరింపజేసి యా రెండు లోహములను వేఱుచేసెను. నేడు ఆ లోహములే విద్యుత్తును దాచుటకు సాధనము లగుచున్నవి. నేను వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను; తెలిసికొన్నంతవఱకు విన్నవించెదను.

బ్యాటరీలో ధనధ్రువము వెల హెచ్చైన భాగము. అందలి లోహపు ఆక్సైడు, అనగా మన వైద్యులు భస్మమనునట్టిది, తాటియాకుల పొత్తమువలె పొరలు పొరలుగా నుండును. బ్యాటరీని నింపునపుడు ఆకుల నడుమనున్న సోడియపు కణములు వెడలి ఋణధ్రువమును జేరును. వాడుకొనునపుడు మరలి వచ్చును. ఈ రాకపోకలకు ఆకులు చెదరకుండిననే బ్యాటరీ మన్నును.

1980లో ఆక్సుఫర్డునందు గుడెనఫ్ పండితుని బృందము లిథియమునకు కోబాల్టు పొత్తమును జూపెను. ఆ యేడే ఫ్రాన్సుదేశపు బోర్డో నగరమున డెల్మా, ఫువాసియే, హాగెన్‌ముల్లర్ అనువారు సోడియపు పొత్తములను ఆకుల యమరికనుబట్టి వర్గీకరించి పేరులిడిరి. శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరులనే వాడుదురు. అయినను లిథియము తేలిక, దాని కణము చిన్నది. 1991లో సోనీ సంస్థ దానిని అంగడికి దెచ్చెను. సోడియము ముప్పదియేండ్లు మూలబడెను. దోషము దానిది కాదు, వెలనుగూర్చి యడిగినవారు లేకపోయిరి.

పిమ్మట అడుగవలసివచ్చెను. కోబాల్టులో అధికభాగము కాంగోదేశమునుండి వచ్చును. అచ్చట పసిపిల్లలు గూడ చేతులతో గనులు త్రవ్వుచున్నారని 2016లో లోకమునకు విశదమయ్యెను. అంతకుమునుపే, 2012లో, టోకియోయందు కొమాబా బృందము కోబాల్టు లేకయే, ఇనుమును మాంగనీసును సగము సగము గలిపి సోడియపు పొత్తమును గావించెను. ఇనుము ఎల్లెడల దొరకును. మాంగనీసును మన విజయనగర ప్రాంతమున నూఱేండ్లకు పూర్వమునుండియే త్రవ్వుచున్నారు.

అయితే చెమ్మ దీనికి శత్రువు. మా గురువుగారి తాళపత్రములు ఒక్క వానకాలములో బూజుపట్టి పాడగుట నేనెఱుగుదును. ఈ భస్మమును తడిగాలి సోకిన నట్లే చెడును. దీనిని నిలువజేయుటకు రాగి మొదలగు లోహములను జేర్చి చూచిరి. 2024లో చీనాదేశమున సోడియపు బ్యాటరీల కార్లు కొన్నవారి చేతికి వచ్చినవి.

ఇక పొటాసియపు కణము మఱింత పెద్దది. అది దూఱి వెడలునపుడు ఆకులు మిక్కిలి యెడమై నలుగును. కావున బూడిదలోని లోహముతో ఇట్టి పొత్తములు ఇంకను ప్రయోగశాలలోనే యున్నవి.