దళానికి అన్నం పెట్టిన చేతులు



రజాకారు అనే మాట వింటే మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. ఆ మాటకు అసలు అర్థం మాత్రం వాలంటీరు అనే. ఖాసిం రజ్వీ పోగుచేసిన వాళ్లూ వాలంటీర్లే, వాళ్లను ఎదిరించడానికి ఊరూరా లేచిన సంఘం దళాలవాళ్లూ వాలంటీర్లే. ఇద్దరికీ సర్కారు జీతం లేదు. మరి ఎవరు ఏం తిని కొట్లాడారు? ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక మూలన ఉంటుంది. నేను చెప్పదలచింది దాని గురించే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. వీరిలో ఎల్లారెడ్డిగారు మన కరీంనగరం మనిషి. ఆ రోజుల్లో తుపాకులు బహు కొద్ది. ఉన్నవాటిలో చాలా వరకు దొరల గడీల నుంచి గుంజుకొచ్చిన బర్మార్లు. ఊళ్లను కాచేవాళ్ల చేతుల్లో వడిసెలలు, కర్రలు. ఆడవాళ్లకు రోకళ్లు, కారప్పొడి ఉండనే ఉన్నాయి. తిండిగింజల సంగతి వేరు. నిజాం సర్కారు లెవీ పేరిట రైతు కల్లంలోంచి ధాన్యం ఎత్తుకుపోయేది. సంఘం ఆ లెవీ ఇవ్వద్దంది, దొరల గరిసెలు తెరిపించి జనానికి పంచింది. అలా ఊళ్లో మిగిలిన గింజే దళానికి ఆధారం.

ఇక వంటింటి లెక్క చూద్దాం. రాత్రంతా నడిచే మనిషికి పూటకు పావుశేరు జొన్నలన్నా కావాలి కదా. పదిమంది దళానికి రెండు పూటలకు ఐదు శేర్లన్నమాట. సుందరయ్యగారు తన పుస్తకంలో గెరిల్లా దళాల్లో సుమారు 2,000 మంది, గ్రామ దళాల్లో 10,000 మంది అని రాశారు. గ్రామ దళాలవాళ్లు సొంత ఇంట్లోనే తింటారు, వాళ్లను వదిలేద్దాం. ఆ రెండు వేల మందికే రోజుకు వెయ్యి శేర్లు. బస్తాలు మోసే బండ్లు లేవు, కంట్రాక్టరు లేడు. ఆ గింజలు ఎవరో ఒకరు విసరాలి, గటక కెలకాలి, మూటగట్టి ఊరవతల చెలకకు చేర్చాలి.

తెల్లవారుజామున విసుర్రాయి చప్పుడైతే ఎవరూ పట్టించుకోరు. నడిరాత్రి అయితే పోలీసు పటేలుకు ఊరికే తెలిసిపోతుంది. నలుగురున్న ఇంట్లో పెద్దకుండ పొయ్యి మీద కనబడితే అదొక సాక్ష్యం. మగడికి పొలం కాడికి సద్ది తీసుకుపోయే ఆడమనిషిని మాత్రం ఆపి అడగడం కష్టం. సద్దిగంపలో అడుగున నాలుగు రొట్టెలు ఎక్కువ పెట్టడం యుద్ధం పని కాదని ఎవరనగలరు?

దళం ప్రాణం అన్నం దగ్గరే చిక్కుకుని ఉండేది. నడుస్తున్నంత సేపూ దొరకదు, తినడానికి ఆగితే దొరుకుతుంది. పటేలు పట్వారీల దస్త్రాలు తగలబెట్టిన అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్‌లో పోలీసుల కాల్పులకు బలయ్యారు. హుస్నాబాద్ అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. భోజనానికి ఆగినప్పుడే ఎవరో కబురందించారని ఆ వైపు చెప్పుకొంటారు. అన్నం పెట్టిన చేయి ఉన్న ఊళ్లోనే కబురు మోసే కాలూ ఉండేది.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే లెక్క కొంచెం మారుతుంది. పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షా పోయే రైలుదారి ఉంది, అవతల చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్. అది నిజాం చేతికందని ఇండియా భూమి. స్టేట్ కాంగ్రెసు అక్కడ శిబిరం పెట్టింది. మన వంగర పి.వి. నరసింహారావుగారు ఆ చాందా శిబిరంలోనే పనిచేశారు. సరిహద్దు శిబిరానికి వెనక బజారు ఉంటుంది, పోస్టాఫీసు ఉంటుంది, పొయ్యి పట్టపగలే వెలిగించుకోవచ్చు. హుస్నాబాద్ గుట్టల్లో ఉన్నవాళ్లకు ఆ భాగ్యం లేదు. ఎవరి త్యాగం పెద్దదని తూచడం నా ఉద్దేశం కాదు గాని, అన్నం దొరికే తీరు వేరు.

అవతల నిజాం పక్షానికి 1948లో సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న పోలీసు యాక్షన్ మొదలైంది, అయిదు రోజుల్లో అంతా ముగిసింది. గగనమార్గాన వచ్చిన ఆయుధాలు నిజామును నిలబెట్టలేకపోయాయి.

అంతటితో దళాల కథ ముగియలేదు. భూమి కోసం పోరు 1951 అక్టోబరు దాకా సాగింది. ఈసారి వచ్చిన సైన్యం గింజ మీదే గురిపెట్టింది. గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క కేంద్రాలకు తరలించారు. అడవిలోకి అన్నం పోకూడదని. దాన్ని బ్రిగ్స్ ప్లాను అన్నారు. మలయాలో బ్రిగ్స్ అనే ఇంగ్లీషు జనరలు 1950లో పెట్టిన పద్ధతి పేరది. మూట మోసే ఆడదాని సత్తా మన చరిత్రకారుల కన్నా ఆ జనరళ్లకే ముందు తెలిసింది.

1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేశారు. పోరాటం ఆగాక తమను ఇంటికి పొమ్మన్నారన్న బాధ అందులో వినబడుతుంది. ఇంటికి వెళ్లి ఏం చేశారంటారా? మళ్లీ పొయ్యి వెలిగించారు, ఈసారి నలుగురికే.