ఆపానకము, అవదంశము: మిత్రుల యింటి విందునకు కొన్ని పాత సాక్ష్యములు

నాసిక పరిసరములందును, బెంగుళూరునకు ఉత్తరమున నంది కొండల దిగువను ద్రాక్షాసవపు పరిశ్రమ వృద్ధినొందిన పిమ్మట, ఆ ప్రాంతపు నగరములలో ఒక విధమైన విందు కానవచ్చుచున్నది. నలుగురైదుగురు మిత్రులు ఒకరి యింట చేరుదురు. మేడపైననో పెరటిలోనో బొగ్గులు రాజేసి, చువ్వలకు గ్రుచ్చిన మాంసమును కాల్చుకొందురు. రెండు మూడు రకముల వైనును కొంచెము కొంచెముగా రుచి చూచి, ఏది దేనికి పొసగునో ముచ్చటించుకొందురు. మహారాష్ట్ర ప్రభుత్వము 2001లోను, కర్ణాటక ప్రభుత్వము 2007లోను ఈ పరిశ్రమకు ప్రత్యేక విధానములను ప్రకటించినవి. ఆ రాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పెద్దలు ఈ విందును దొరల అలవాటని తలచినచో ఆశ్చర్యము లేదు. అయినను, సీసా దొరలది కావచ్చును గాని విందు వారిది కాదు.

పూర్వము వీధిబడిలో అమరకోశము వల్లించిన తెలుగు బాలుడు ఈ విందునకు కావలసిన మాటలన్నియు పదేండ్లు నిండకమునుపే నేర్చియుండెను; ఆ చోట అర్థము చెప్పుటకు పంతులుగారు ఎంతసేపు నిలిచెడివారో గాని! శూలమునకు గ్రుచ్చి కాల్చిన మాంసము శూల్యము, భటిత్రము. నలుగురు కూడి త్రాగుట ఆపానము, పానగోష్ఠిక. త్రాగు గిన్నె చషకము. త్రాగుచు నడుమ నంజుకొనునది అవదంశము. మొదటి మాటలు వైశ్యవర్గమునను, తక్కినవి శూద్రవర్గమునను కలవు. మాంసమునకు తెలుగున నంజుడు అను పేరుండుట కూడ ఇచ్చట గమనింపదగినది.

మాటలుండుటచేతనే ఆచారముండెనని చెప్పరాదు. ఆచారమునకు సాక్షి వాత్స్యాయనుడు. కుంతల శాతకర్ణిని పేర్కొని, ఆంధ్రుల ఆచారములను ప్రస్తావించిన ఆయనకు దక్షిణాపథము తెలియని దేశము కాదు. కామసూత్రమున నాగరకుని నడవడిని వర్ణించుచు, మిత్రులు ఒకరి యిండ్లలో నొకరు ఆపానకములు జరుపుకొనవలెనని ఆయన విధించెను. మధువు, మైరేయము, సుర, ఆసవము అను పానములను, వాటితో ఉప్పుగాను చేదుగాను కారముగాను పుల్లగాను ఉండు నంజుళ్ళను, పండ్లను, ఆకుకూరలను పేర్కొనెను. ఆ పట్టికలో మాంసము లేదు. కాని అదే గ్రంథమున మరియొక ప్రకరణమందు, కాల్చిన మాంసమును ఉపదంశముగా గొన్న పానము కనబడుచున్నది. ఈ రెంటిని కలిపి చూచినపుడు నేటి విందు చాలవరకు పూర్తియగుచున్నది. ఒక్క భేదము మాత్రము మరువరాదు. నాటి ఆపానకమున చషకము నింపువారు వేశ్యలు. ఆ గోష్ఠిలో ఇల్లాలికి చోటు లేదు.

రుచిని విమర్శించు వాడుక మాటకు వచ్చినచో కౌటిల్యుని అర్థశాస్త్రమును చూడవలెను. సురాధ్యక్షుని ప్రకరణమున ద్రాక్షరసమునుండి చేసినదానిని మధువనియు, దానికి పుట్టిన దేశమును బట్టి కాపిశాయనము, హారహూరకము అను పేర్లు కలుగుననియు ఆయన చెప్పెను. కాపిశి నేటి కాబూలునకు ఉత్తరమున నుండెడిది. ఆ దేశపు పేరునుండి ఇట్టి పదము నిష్పన్నమగుటకు పాణిని ఒక సూత్రమునే వ్రాసెను. సీసాపై తోట యున్న ప్రాంతము పేరు చదివి ఎన్నుకొను నేటి పద్ధతికిని దీనికిని భేదమల్పము. అర్థశాస్త్రమందే మరియొక విశేషము కలదు: శుభకార్యములకు గృహస్థులు తెల్లని సురను స్వయముగా చేసికొనవచ్చును. పన్నుల విషయమున అంత కఠినుడైన కౌటిల్యుడు ఇంటి గడపకడ ఆగెను.

తమిళదేశపు సాక్ష్యము ఇంకను స్పష్టమైనది. పుదుచ్చేరికి సమీపమున అరికమేడు వద్ద 1945లో జరిగిన త్రవ్వకములలో మధ్యధరా సముద్ర దేశములనుండి వచ్చిన రెండు చెవుల జాడీల పెంకులు దొరకినవి. అట్టి జాడీలు ద్రాక్షాసవమును, నూనెను తెచ్చునవి. యవనుల మధువును పాండ్యరాజు సేవించుటను పురనానూరున నక్కీరుడు పేర్కొనెను. పొరునరాఱ్ఱుప్పడైలో కరికాల చోళుడు తన యింటికి వచ్చిన గాయకుని బంధువువలె ఆదరించి, పానమిచ్చి, చువ్వలకు గ్రుచ్చి కాల్చిన క్రొవ్విన మాంసఖండములను తినిపించెను. ఆ ముక్కలు ఎంత వేడిగా నుండెననగా, గాయకుడు వాటిని నోట ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు మార్చుచు తినెనట. నిప్పులచెంత కూర్చుండి తొందరపడి తిన్నవారికి ఈ వర్ణన యొక్క సత్యము తెలియును. తెలుగున తొలి శాసనములు వేయించినవారిలోని రేనాటి చోడులు తాము కరికాలుని వంశీయులమని చెప్పుకొనిరి.

కర్ణాటకమున కళ్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున మానసోల్లాసమును రచించెను. ఆతని తండ్రి ఆరవ విక్రమాదిత్యుని చివరి కాలమున వేంగి కూడ కళ్యాణి యేలుబడిలోనిదే. ఆ గ్రంథమున అన్నభోగ ప్రకరణమందు శూలమున కాల్చు భడిత్రకపు పాకము కలదు. క్రీడలు చెప్పిన విభాగమున మదిరాపాన క్రీడ కలదు. అమరుని భటిత్రమే ఈ భడిత్రకమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి గోష్ఠి పెద్దల జ్ఞాపకమునుండి ఎట్లు తొలగెను? మద్యమునకు ఇంటితోడి సంబంధము తెగుటయే ముఖ్యకారణముగా తోచుచున్నది. 1886 నాటి మదరాసు అబ్కారీ చట్టము వలన గంజాము మైదానము మొదలు బళ్ళారి, సేలముల వరకు అనుమతి లేక కల్లు గీయుటయు, సారా కాచుటయు నేరములైనవి. త్రాగుటకు స్థలము పాటదారుని దుకాణమయ్యెను. అచ్చట పంక్తి లేదు, నంజుడు పేరునకే, మిత్రుడు తటస్థపడినవాడే. 1937లో సేలమున మద్యనిషేధము ప్రారంభమై, 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతట వ్యాపించెను. 1954 నవంబరు 6వ తేదీన ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం ప్రభుత్వము పడిపోయినది ఈ నిషేధము మీది వాదముననే, అదియు ఒక్క వోటుతో. ఆ వారమందే, నవంబరు 1వ తేదీన, ఫ్రెంచివారి యానాము భారత పరిపాలనలోనికి వచ్చెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎదిరించినది ఈ దుకాణపు సారానే. ఇంటి గోష్ఠిని కాదు, అప్పటికి అట్టిది వారి యెరుకలోనే లేదు. ఆ ఉద్యమఫలముగా 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలెను. ఆ నడిమి కాలమున నిషేధము లేని యానాము దారి గోదావరి ప్రాంతమువారు పట్టిరి. అచ్చట వారికి దొరకినదియు దుకాణమే.

బెంగుళూరులోనో పుణెలోనో తెలుగువారి మేడపై జరుగు విందులో, ఇల్లాలు చువ్వ త్రిప్పుటతో తృప్తిపడక తానును చషకము చేతబట్టి ఇది పులుపు, ఇది వగరు అని చెప్పినచో, అది మాత్రము నిజముగా క్రొత్తది. వాత్స్యాయనుని పట్టికలో అది లేదు.