టికెట్టు ఒక్కటే, మధ్యలో సముద్రం

కాశీ, రామేశ్వరం యాత్ర చేసొచ్చిన మన పెద్దవాళ్లు ధనుష్కోటి పేరు తప్పకుండా చెప్పేవారు. సేతుస్నానం అక్కడే కదా! ఆ ఊరికి ఇంకో పని కూడా ఉండేది. మద్రాసు ఎగ్మోరులో బయల్దేరిన బోట్ మెయిల్ అక్కడి రేవుకట్ట మీద ఆగేది. ప్రయాణికులు దిగి, పక్కనే సిద్ధంగా ఉన్న ఓడ ఎక్కేవారు. మద్రాసు నుంచి కొలంబోకు టికెట్టు ఒక్కటే. రైలు, ఓడ రెండూ సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీవే. మనం చదివిన సాంఘికశాస్త్రంలో ఈ ఓడల ఊసు లేదు.

అంతకు ముందు సిలోను వెళ్లేవారు తూత్తుకుడి దాకా రైల్లో పోయి, అక్కడ వేరే కంపెనీ స్టీమరెక్కి రాత్రంతా సముద్రం మీద గడపాల్సి వచ్చేది. సేతువు మీదుగానే పట్టాలు వేద్దామన్న ఆలోచనా సాగింది కానీ ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. చివరికి పాంబన్ దగ్గర రెండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన కట్టి, ధనుష్కోటి నుంచి తలైమన్నారు దాకా ఉన్న సుమారు 35 కిలోమీటర్లను ఓడలకు వదిలేశారు. 1914 ఫిబ్రవరి 24న వంతెన తెరిచారు. తమాషా ఏమిటంటే, సముద్రం మీద పట్టాలు పడినా మన బండి కొలంబో చేరేది కాదు. ఇటు మీటరుగేజి, అటు బ్రాడ్‌గేజి!

ఓడలకు కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అని వైస్రాయిల పేర్లు పెట్టారు. తర్వాత ఇర్విన్, గోషెన్ వచ్చాయి. దొరలు, వర్తకులు వాటిలో తిరిగారు. అయితే ఈ దారి అసలు చరిత్ర తేయాకు తోటల కూలీలది. తమిళ జిల్లాల నుంచి వెళ్లే ఆ కూలీల మెడలో, ఏ తోటకు పోవాలో తెలిపే నంబరుతో ఒక తగరపు బిళ్ల వేలాడేది. ఓడ ఎక్కేముందు మండపం శిబిరంలో వాళ్లను రోగాల భయంతో కొన్నాళ్లు ఆపి ఉంచేవారు. వైస్రాయిల పేర్లు ఓడల మీద మిగిలాయి. ఈ మనుషుల పేర్లు ఎక్కడున్నాయి?

1951లో ఆ కంపెనీ మార్గాలు దక్షిణ రైల్వేలో కలిశాయి. 1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావోల ఒప్పందం కుదిరింది. 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలి. తాతల నాడు ఓడెక్కిన వారి మనవలు తాము ఎన్నడూ చూడని ఊళ్లకు 'తిరిగి' రావాలన్నమాట. రెండు నెలలైనా కాకుండానే, డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటిని ఊడ్చేసింది. పాంబన్ నుంచి వస్తున్న పాసింజరు బండి వందమందికి పైగా ప్రయాణికులతో సముద్రం పాలైంది.

దెబ్బతిన్న వంతెనను శ్రీధరన్ బృందం 46 రోజుల్లో నిలబెట్టిన సంగతి అందరూ చెప్పుకుంటారు. ధనుష్కోటి రేవును మాత్రం మళ్లీ కట్టలేదు. తర్వాత రామేశ్వరం నుంచి 'రామానుజం' అనే ఓడ నడిచింది. తోటల నుంచి పంపేసిన కుటుంబాలు మూటాముల్లెలతో అందులోనే దిగాయి. లంకలో కల్లోలం ముదిరాక, 1980లలో అదీ ఆగింది. ఆ తర్వాత ప్రాణభయంతో చేపల పడవల్లో దాటి వచ్చిన వారికి మన ప్రభుత్వం నీడ చూపింది కూడా మండపంలోనే.