కెరటం దాటినవాళ్ళు



మొన్న దసరా సెలవుల్లో మా మనవడు తన ఫోనులో ఒక దృశ్యం చూపించాడు. ఆరంతస్తుల మేడంత కెరటం. దాని వాలు మీదుగా, చిన్న పలక మీద నిలబడి ఒక మనిషి జారిపోతున్నాడు. అతని నడుముకు తగిలించిన తాళ్ళు పైకి పోయి ఒక పెద్ద గాలిపటానికి కలుస్తున్నాయి. "మామ్మా, మన సముద్రంలో ఇలాంటి మొనగాళ్ళున్నారా?" అని అడిగాడు. ఉన్నారని అబద్ధం చెప్పలేను. లేరనడానికీ మనసొప్పలేదు. ఆ రెంటి మధ్యా ఉన్న సంగతే ఈవేళ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

ఆ ఆట పేరు కైట్ బోర్డింగ్. గాలిపటం చేత బరువు లాగించాలన్న ఊహ పాతదే. ఇంగ్లండులో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు గాలిపటాలు లాగే బండికి 1826లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటం కట్టిన పడవలో ఇంగ్లీషు ఛానలు దాటాడు. అయితే నీళ్ళలో పడ్డ గాలిపటాన్ని మళ్ళీ లేపడమే చిక్కు. దాని అంచుల్లో గాలి నింపి తేలేటట్టు చేసే ఉపాయానికి ఫ్రాన్సులో లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాతే ఈ ఆట లోకమంతా పాకింది. 2017 నవంబరులో పోర్చుగల్ దేశపు నజరే దగ్గర నూనో ఫిగేరెదో 19 మీటర్ల కెరటం మీద గాలిపటంతో స్వారీ చేశాడు. నజరే ఒడ్డుకు ఎదురుగా సముద్రం అడుగున పెద్ద లోయ ఉంది. కెరటాలను అంతెత్తుకు లేపేది అదే.

మనకు అలాంటి లోయా లేదు, అంత కెరటమూ లేదు. మనకున్నదల్లా కెరటాన్ని తప్పించుకునే దారి లేని తీరం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు సముద్రం. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు చింతపల్లి, కోనాడ, ఎక్కడ నిలబడి చూసినా తిన్నని ఇసుక ఒడ్డు, దానిమీద వరసలు వరసలుగా విరిగే నురుగు. ఓడ ఒదిగి నిలవడానికి ఒక మలుపైనా కనబడదు. నదీముఖాల దగ్గర చూద్దామంటే ఇసుకమేటలు అడ్డం.

అందుచేత మన రేవులన్నీ పేరుకే రేవులు. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. కాస్త ఎగువన శాలిహుండం బౌద్ధస్తూపం ఉంది. అంతటి ప్రాచీనమైన చోట కూడా, ఇంగ్లీషువారి కాలంలో ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలిచేవి. సరుకైనా సరే, దొరలైనా సరే, దొరసానులైనా సరే, ఒడ్డుకు రావాలంటే మన పడవవాళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టవలసిందే. ఏడు సముద్రాలు దాటి వచ్చిన కెప్టెనుకు ఆ చివరి అరమైలు చేతనయ్యేది కాదు. ఆ అరమైలు దాటించినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

వాళ్ళ సాధనాలు రెండు. ఒకటి కుట్టుపడవ. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మసూలా అని రాశారు. ఇనుపమేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ నేలకు తగిలితే పగులుతుంది. ఇది కెరటం దెబ్బకు గంపలాగా ఒదిగి మళ్ళీ సర్దుకుంటుంది. రెండోది తెప్ప. తేలిక కొయ్యదుంగలు చెక్కి పక్కపక్కన తాళ్ళతో బిగిస్తే తెప్ప. దానికి మునగడం తెలియదు, ఎందుకంటే నీళ్ళు నిలవడానికి లోపలంటూ ఏమీ లేదు. మీద పడ్డ కెరటం దుంగల సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. వేటనుంచి వచ్చాక తాళ్ళు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. మద్రాసు చేపల శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో మన దేశపు పడవల మీద పెద్ద పరిశోధన అచ్చువేశాడు. అందులో తెప్పకు గౌరవమైన స్థానమే ఇచ్చాడు.

తెప్ప దాటే పద్ధతి చెప్పాలి మీకు. తెల్లవారుజామున నేలగాలి సముద్రం వైపు వీస్తుంది. అదను అదే. ఐనా వెంటనే దిగరు. ఒడ్డున నిలబడి కెరటాలు చూస్తారు. పెద్దవి కొన్ని వరసగా వచ్చి, తరువాత కాస్త జోరు తగ్గుతుంది. ఆ సందులో తెప్పను నెట్టి, ఎక్కి, తెడ్లు వేస్తారు. ముందరి కొస కెరటానికి సూటిగా ఉండాలి. అడ్డం తిరిగిందా, తిరగబడ్డట్టే. నురుగు దాటాక తెరచాప ఎత్తుతారు. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. అదే చాపతో ఇంటిముఖం పడతారు. కెరటాలు విరిగే చోటికి రాగానే చాప దించేసి, వెనక తెడ్డు పట్టినవాడు ఒక కెరటాన్ని ఏరుకుంటాడు. అది వీపున ఎత్తుకుని తెప్పను ఒడ్డున పడేస్తుంది. మా మనవడు చూపించిన విద్యలో గాలీ కెరటమూ పలకా ఏకకాలంలో కలుస్తాయి. వీళ్ళు గాలి వంతు గాలికి, కెరటం వంతు కెరటానికి ఇచ్చేవారు. మీద వలా చేపలూ కూడా ఉండేవి.

కళింగపట్నం దగ్గర ఒక ఊళ్ళో, చిన్నతనంలో చేపలగంప మోసిన ఒక ముసలమ్మకు ఆ చిత్రమే చూపించాను. చాలాసేపు చూసింది. "ఆడు ఎందుకెల్లినాడమ్మా? వలేదీ?" అంది. ఆట అని చెప్పాను. "మావోళ్ళకి అది ఆట కాదమ్మా, కూడు. సందేళకి తెప్ప తిరిగొచ్చీసిందంటే ఆ దినం గెలిసినట్టే" అంది. అప్పట్లో ఆడవాళ్ళు ఒడ్డున ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదుట. చేప దిగగానే ఏరడం, బేరం, మైళ్ళ నడక, డబ్బు లెక్క అన్నీ వాళ్ళవే. "కెరటం మగోడిది, గంప నాది" అని నవ్వింది.

ఈ విద్య ఎలా సన్నగిల్లిందో చెప్పడానికి ఎక్కువ మాటలక్కరలేదు. 1893-96 మధ్య తూర్పుతీరపు రైలుమార్గం వచ్చి సరుకును పట్టుకుపోయింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుని ఓడలను తీసుకుపోయింది. 1979లో మొదలైన బంగాళాఖాత పథకం నిపుణులు కెరటాల్లోంచి ఒడ్డుకు దిగగల పడవల నమూనాలు తయారుచేశారు. క్రమంగా మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చాయి. వాటిని తప్పుపట్టను, ప్రాణానికి కొంత నిబ్బరం కదా. కాని పెద్ద పడవలు నిలిచే రేవు లేక మన కుర్రవాళ్ళు గుజరాతులో వెరావల్‌కు కూలికి పోయారు. అక్కడి పడవల మీద వేటకు వెళ్ళి, 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవైమందికి పైగా పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు అర్జీలు పట్టుకుని నాయకుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు.

సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. ఆ సంగతి చెబితే ముసలమ్మ అడిగింది: "అందులో మా తెప్ప నిలబడడానికి సోటుంటాదా అమ్మా?" ఆ మాట రేవు కట్టేవాళ్ళను అడగాలన్నాను. "నువ్వడుగు, నీకు సదువొచ్చు" అంది.