సర్కారు మొగుడు

అమెరికాలో పేదరికం గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను అధ్యక్షులతోనే మొదలుపెట్టేదాన్ని. 1935 రూజ్‌వెల్ట్, 1964 జాన్సన్, 1996 క్లింటన్. మూడు సంతకాలు, పరీక్షలో మూడు ప్రశ్నలు. సెల్మా పట్టణానికి చెందిన ఒక వంటమనిషి కేసు చదివాక అలా చెప్పడం నా వల్ల కాలేదు.

కోర్టు రికార్డుల్లో ఆమె శ్రీమతి స్మిత్. అలబామా రాష్ట్రపు నల్లజాతి స్త్రీ. తెల్లవారుజామున మూడున్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా ఒళ్ళొంచి పనిచేస్తే వారానికి వచ్చేది 16 నుంచి 20 డాలర్లు. నలుగురు పిల్లలు. ముగ్గురి తండ్రి 1955లో చనిపోయాడు, నాలుగో బిడ్డ తండ్రి 1963లో వెళ్ళిపోయాడు. 1966 అక్టోబరులో పిల్లల భృతి ఆపేశారు. కారణం? శని ఆదివారాల్లో ఆమె ఇంటికి ఒక మగవాడు వస్తున్నాడట. అతనికి వేరే ఇల్లుంది, భార్య ఉంది, తొమ్మిదిమంది పిల్లలున్నారు. అయినా సరే, రాష్ట్రం దృష్టిలో అతను ఈ నలుగురికీ ‘బదులు తండ్రి’. పైసా ఇవ్వక్కర్లేదు, ఇవ్వాలన్న చట్టమూ లేదు. ఆమె పక్కన పడుకుంటే చాలు, పిల్లల కంచం ఖాళీ అవుతుంది. ఈ నియమం వచ్చిన రెండున్నరేళ్ళలో అలబామాలో భృతి అందుకునే పిల్లల సంఖ్య దాదాపు 16,000 తగ్గింది. 1968లో సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది.

ఆమె పడకగది దాకా వెళ్ళే అధికారం సర్కారుకు ఎక్కడి నుంచి వచ్చింది? దానికోసం వెనక్కి వెళితే నాకు కనిపించింది మగవాళ్ళు కాదు. అది మింగుడుపడలేదు. 1935 సామాజిక భద్రతా చట్టంలో పిల్లల భృతి భాగాన్ని రూపొందించింది గ్రేస్ అబ్బాట్, క్యాథరిన్ లెన్‌రూట్, మార్తా ఎలియట్ అనే ముగ్గురు స్త్రీలు. ముగ్గురూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు, ముగ్గురూ పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళే. కానీ పేద తల్లి మాత్రం ఇంట్లోనే ఉండి పిల్లల్ని పెంచాలనుకున్నారు. 1911లో ఇల్లినాయ్‌తో మొదలైన ‘తల్లుల పెన్షన్ల’లో ‘యోగ్యమైన’ తల్లికే సాయం. ఆ యోగ్యత ఎక్కువగా తెల్లజాతి వితంతువుల్లోనే కనిపించేది. ఆ వాసన కొత్త చట్టంలోకీ వచ్చింది. మొదటి బిడ్డకు నెలకు 18 డాలర్లు, తర్వాతి బిడ్డలకు 12 చొప్పున లెక్కేసి కేంద్రం అందులో తన వాటా ఇచ్చేది. తల్లికి సున్నా. ఆమె కూడా తింటుందన్న సంగతి చట్టానికి గుర్తుకొచ్చింది 1950లో!

అదే చట్టంలోని వృద్ధాప్య పెన్షన్, నిరుద్యోగ భృతి పొలం కూలీలకూ ఇంటి పనివాళ్ళకూ వర్తించలేదు. దక్షిణాది నాయకుల ఒత్తిడి వల్లనా, వాళ్ళ దగ్గర పన్ను వసూలు కష్టమన్న అధికారుల వాదన వల్లనా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నల్లజాతి శ్రామికుల్లో మూడింట రెండొంతుల మంది దాకా బయట మిగిలిపోవడం మాత్రం నిజం.

జాన్సన్ ‘పేదరికంపై యుద్ధం’ ఓడిపోయిందని అనడం ఫ్యాషన్. నేనొప్పుకోను. ఆహార కూపన్లు, ముసలివాళ్ళకూ పేదలకూ వైద్యం వచ్చాయి. 1959లో 22.4 శాతం ఉన్న పేదరికం 1973కి 11.1 శాతానికి దిగింది. మెడికేర్ డబ్బు కావాలంటే వార్డుల్లో వర్ణవివక్ష మానాలని 1966లో గట్టిగా పట్టుబడితే, దక్షిణాది ఆసుపత్రులు నెలల్లో దారికొచ్చాయి. ఇక ఈ శాతాలు కొలిచే గీతను గీసింది మాలీ ఓర్షాన్‌స్కీ అనే స్త్రీ. అతి చవక భోజనం ఖర్చును మూడుతో హెచ్చించింది. ఆ భోజనం ఆ ధరకు కుదరాలంటే ఇంట్లో ఒకామె బేరమాడి, లెక్కచూసి, రోజంతా వండాలి. ఆమె శ్రమకు ఆ లెక్కలో ధర లేదు.

ఆ ధర అడిగిన మనిషి జానీ టిల్‌మన్. కౌలు రైతు కూతురు, లాండ్రీలో పనిచేసింది. జబ్బుపడి భృతి మీదకొచ్చింది. 1963లో లాస్ ఏంజిలిస్‌లో తనలాంటి తల్లుల్ని కూడగట్టి, తర్వాత జాతీయ వెల్‌ఫేర్ హక్కుల సంస్థకు నాయకురాలైంది. 1972లో ‘మిస్’ పత్రికలో రాసిన వ్యాసంలో వెల్‌ఫేర్‌ను పెళ్ళితో పోల్చింది. ఒక మొగుణ్ణి వదిలించుకుంటే సర్కారే మొగుడై కూర్చుంటుంది, విడాకులిచ్చే హక్కు మాత్రం దానికే ఉంటుందని ఆమె వాదన. పిల్లల్ని పెంచడం పనే, దానికి జీతమివ్వమంది.

ఇక్కడే నాకొక సందేహం తీరదు. 1969లో నిక్సన్ నలుగురి కుటుంబానికి ఏడాదికి 1,600 డాలర్ల కనీస ఆదాయం ప్రతిపాదించాడు. ఈ తల్లుల సంస్థ 5,500 అడిగి, పనిచేయాలన్న షరతును ఎదిరించి, దాన్ని వ్యతిరేకించింది. బిల్లు సెనేట్‌లో పోయింది. ఆ ఓటమికి వీళ్ళే కారణం కాదు, దక్షిణాది సెనేటర్లది పెద్ద చెయ్యి. కానీ మిసిసిపీలో తల్లులకు ఆ 1,600 కూడా అప్పుడు వస్తున్నదానికంటే ఎక్కువే. ఉత్తరాది నగరాల తల్లులకే అది తక్కువ. పోరాడేవాళ్ళలో ఎవరి ఆకలి లెక్కలోకొచ్చింది? టిల్‌మన్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయినా తరగతిలో ఈ ప్రశ్న దాటవేయలేను.

సంస్థ 1975లో మూతబడింది, టిల్‌మన్ 1995లో కన్నుమూసింది. మరుసటి ఏడాదే క్లింటన్ పాత భృతి హక్కును రద్దు చేశాడు. కొత్త చట్టం మొదటి వాక్యాల్లోనే వివాహాన్ని సమాజానికి పునాదిగా ప్రకటించింది. జీవితం మొత్తంలో ఐదేళ్ళే సాయం, అదీ పనిచేస్తేనే. (చట్టబద్ధంగా వచ్చిన వలసదారులకూ చాలా పథకాల్లో ఐదేళ్ళ తలుపు మూసింది. పిల్లల దగ్గరికి వెళ్ళిన మన తల్లిదండ్రులకు ఆ సంగతి బాగా తెలుసు.) తొంభైల చివర ఒంటరి తల్లుల ఉద్యోగాలు పెరిగిన మాట నిజమే. కానీ 1996లో వందకు 68 పేద కుటుంబాలకు అందిన నగదు 2020కి 21 కుటుంబాలకే అందింది.

2021 జులై నుంచి డిసెంబరు దాకా మాత్రం ఆరేళ్ళలోపు బిడ్డకు నెలకు 300 డాలర్లు, పెద్దపిల్లలకు 250 చొప్పున, ఆదాయమేమీ లేని తల్లుల ఖాతాల్లో కూడా పడ్డాయి. ఇంట్లో ఎవరు పడుకుంటున్నారని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది ఇతర సాయాలతో కలిపి పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. కొనసాగించడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు. 2022 జనవరిలో డబ్బు రాలేదు. ఆ ఏడాది లెక్క 12.4 శాతం.