పాత రివాల్వరు, కొత్త పూత

స్వోర్డ్స్ అన్న పేరు వినగానే మనవారికి ఖడ్గాలు స్ఫురించడం సహజం. నిజానికి ఆ పేరుకు ఆయుధంతో సంబంధం లేదు. ‘సోర్డ్ కొలుమ్‌కిల్లే’ అన్న ఐరిష్ నామంలోని మొదటి పదానికి నిర్మలమైనదని అర్థం. కొలంబా మహనీయుని బావిని బట్టి అది వచ్చిందంటారు. అయితే ఈ ఊరికి ఆయుధ చరిత్ర లేకపోలేదు. 1916 ఏప్రిల్ 26న, డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు సాగుతున్న వేళ, థామస్ ఆష్ నాయకత్వంలోని ఫింగల్ దళం ఇక్కడి పోస్టాఫీసును, పోలీసు ఠాణాను స్వాధీనపరచుకొంది.

ఆ ఠాణా రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీది. బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ సంస్థ తయారుచేసిన ఒక రివాల్వరును ఆ దళం 1868లో స్వీకరించింది. నాటినుండి ఆ నమూనాకు ‘ఆర్.ఐ.సి.’ అన్న దళనామమే స్థిరపడింది. పొట్టి గొట్టం, దృఢమైన చట్రం, వాల్‌నట్ కర్ర పిడి దాని లక్షణాలు. దళానికి చెందిన తుపాకులపై కిరీటపు ముద్ర, అక్షరాలు, వరుస సంఖ్య చెక్కి ఉంటాయి.

ఈ పోలీసు వ్యవస్థ మనకు పరాయిది కాదు. 1843లో సింధును ఆక్రమించిన చార్లెస్ నేపియర్ అక్కడ ఐరిష్ దళాన్నే నమూనాగా తీసుకొని పోలీసులను ఏర్పరచాడు. ఆ పద్ధతే క్రమంగా భారతదేశమంతటా వ్యాపించింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసినప్పుడు ఎదుర్కొన్నది ఆ వంశపు వ్యవస్థనే. ఐర్లండులో దాని మూలదళం రద్దయినదీ ఆ సంవత్సరమే! తీసుకొన్న ఆయుధాల వివరాన్ని ఠాణా పుస్తకంలో వ్రాసి సంతకం చేయడం రాజుగారి పద్ధతి. ఏ తుపాకి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయిందో తెలిపే అటువంటి వ్రాత దొరికితే చరిత్రకారునికి అంతకు మించిన నిధి లేదు. వ్రాత లేని చోట ఆ సాక్ష్యం లోహం మీదనే వెదకాలి.

పాత రివాల్వరును బాగుచేయించే వారు చేసే చేటు ఇక్కడే తెలుస్తుంది. వారికి కావలసింది మెరుపు. ఆకురాయితో, గరుకు కాగితంతో తుప్పు గీకి, అద్దంలా నునుపు చేసి, కొత్తగా నీలిపూత పూయిస్తారు. ఈ పూత రంగు కాదు, ఒక విధమైన తుప్పే. ఆమ్లద్రావణం రాసి తేమగాలిలో ఉంచితే ఉక్కుపై ఎర్రతుప్పు పుడుతుంది. దానిని మరిగే నీటిలో ముంచితే నల్లని ఆక్సైడుగా మారుతుంది. తీగకుంచెతో రుద్ది, అదే పని మళ్ళీ మళ్ళీ చేయగా నీలినలుపు స్థిరపడుతుంది. పని అందమైనదే, నేర్పు కలదే. అయితే దానికి ముందు జరిగే సానలో అంచులు గుండ్రబడతాయి, ముద్రలు పలచబడతాయి, సంఖ్యలు చెరిగిపోతాయి. మిగిలేది నిగనిగలాడే అనామక వస్తువు.

ఉక్కు పైపొరలోనే ప్రాణముందని తెలంగాణ కమ్మరులు తుపాకులకు ఎంతో ముందే ఎరుగుదురు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కును కొనడానికి పారసీక వర్తకులు వచ్చేవారని, 1820ల నాటి పరిశీలకుడు హెన్రీ వోయిసీ వ్రాశాడు. అటువంటి ఉక్కుతో చేసిన కత్తులపై కనిపించే అలల రేఖలు ఆమ్లస్పర్శతో బయటపడతాయి. అతిగా సానబడితే ఆ రేఖలు మాయమై కత్తి సాధారణమైన ఇనుపరేకులా కనిపిస్తుంది. రేఖలను మళ్ళీ తేవచ్చుగాని అరిగిన లోహం తిరిగి రాదు.

అందుచేత సంరక్షకులు తక్కువ చేయడాన్నే మేలుగా ఎంచుతారు. ఇంకా తినివేస్తున్న ఎర్రతుప్పును మాత్రం పలుచని నూనె, మెత్తని కంచుతీగతో నెమ్మదిగా తీసి, మైనం రాసి తేమకు దూరంగా ఉంచుతారు. నిలకడగా ఉన్న గోధుమవన్నె ఛాయను ముట్టరు.

ఇదే ప్రశ్న ఈ దేశంలో ఒక నౌక విషయంలో తలెత్తింది. 1914 జూలై 26న సుమారు 900 తుపాకులను హౌత్ రేవుకు చేర్చిన ‘అస్గార్డ్’ను మళ్ళీ సముద్రంలో నడిపించాలా, ఉన్న కలపను ఉన్నట్లు కాపాడాలా అని తీవ్రమైన చర్చ జరిగింది. చివరకు రెండవదే నెగ్గింది. ఏళ్ళ తరబడి సాగిన పని ముగిసి, 2012 నుండి అది డబ్లిన్‌లోని కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియంలో నేలమీద నిలిచి ఉంది. స్వోర్డ్స్ నుండి ఒక పూట ప్రయాణంలో పిల్లలకు చూపి రావచ్చు.