శాంతి పరిరక్షణ: చిన్న సైన్యాల లెక్కలు

ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు పంపే బలగాలే దానికి ఆధారం. 1958లో లెబనాన్‌కు పరిశీలకులను పంపడంతో మొదలుపెట్టిన నేపాల్, ఇవాళ ఎక్కువమంది సైనికులను పంపే దేశాల్లో ఒకటి. దానికి యుద్ధవిమానాలు లేవు. పంచఖాల్‌లోని బీరేంద్ర శిక్షణ కేంద్రంలో తర్ఫీదు పొందిన పదాతిదళమే దాని బలం.

మరి ఖర్చు? సైనికుడికి జీతమిచ్చేది సొంత ప్రభుత్వమే. సమితి తలకింత చొప్పున నెలనెలా ఆ ప్రభుత్వానికి చెల్లిస్తుంది. 2018లో జనరల్ అసెంబ్లీ ఈ మొత్తాన్ని 1,428 డాలర్లుగా నిర్ణయించింది; తర్వాత కొంత పెరిగింది. వాహనాలకు, జనరేటర్లకు అద్దె వేరు. ‘వెట్ లీజ్’ అయితే తెచ్చిన దేశమే మరమ్మతులు చూసుకోవాలి, అద్దె ఎక్కువ. ‘డ్రై లీజ్’లో మరమ్మతుల బాధ్యత సమితిది, అద్దె తక్కువ. ఎక్కువ అద్దెకు ఆశపడి, విడిభాగాలు తెప్పించుకోలేక బండి మూలపడితే అద్దెలో కోత తప్పదు. స్తోమత లేని సైన్యానికి డ్రై లీజే నయం.

యంత్రాలు, శిక్షకులు మరో దేశం నుంచి రావచ్చు. 2015 నుంచి జపాన్ ఆఫ్రికా సైనిక ఇంజినీర్లకు భారీ యంత్రాలపై శిక్షణ ఇస్తున్నది ఇలాగే.

అసలు చిక్కు వేరే ఉంది. పెద్ద దేశాలు చందాలు బకాయి పెడితే సమితి చెల్లింపులు నెలల తరబడి ఆగుతాయి. అప్పటిదాకా ఆ ఖర్చు ఖాట్మండూ ఖజానాయే మోయాలి.